ఇతర వివరములు

సాలిహుండం కొండకి ఇవతల
ఇసుక రేవు కాపలా నాది.
రాత్రి పదినుంచి తెల్లారేదాకా
లారీ నంబరు, వచ్చిన వేళ, పోయిన వేళ
పుస్తకంలో ఎడంపక్క రాయాలి.
కుడిపక్క "ఇతర వివరములు" అని అచ్చేసి ఉంటుంది.
రెండేళ్లు అది ఖాళీగానే ఉంది.

మొదట ఈల విన్నాను.
క్లీనరు కుర్రాళ్లెవరో అనుకుని టార్చి కొట్టాను.
వంశధార మీద ఆరు జతల నిప్పుకణికలు
వెలిగి, మునిగి,
ఇంకోచోట వెలిగాయి.

పొద్దున్న తడి ఇసుకలో చూస్తే
కుక్క అడుగులే.
కాకపోతే వేళ్లు నాలుగు కాదు, అయిదు.
వేలికీ వేలికీ మధ్య చర్మం గుర్తు
పల్చగా, అట్టు అంచులా.

"నీరుకుక్కలు బాబూ" అంది సూరాడ దాలమ్మ
చిరిగిన వల ఒళ్లో వేసుకుని.
"మా అత్త కాలంనించీ ఉన్నాయి.
వలకి కన్నమెట్టి కొయ్యింగలు ఏరుకు తింతాయి,
జెల్లల్ని ఒగ్గేత్తాయి.
నాకు మల్లే, ముల్లంటే సిరాకు."
తిడుతూనే ఉంది,
తిడుతూనే ఒక్కో కన్నానికీ ముడేసింది.

ఆ రాత్రినుంచి కుడిపక్క రాయడం మొదలెట్టాను.

కార్తీకం. మూడున్నర. ఆరు.
విల్లులా వంగి వరసకట్టి
చేపల్ని ఒడ్డుకి తోలాయి,
పొద్దుగూకి మందని మళ్లేసినట్టు.

తలనుంచి మొదలెట్టి తింటాయి.
నమిలే చప్పుడు షెడ్డుదాకా వినిపిస్తుంది,
ఎవరో చేగోడీలు తింటున్నట్టు.

ముంగిస మొహం. పాము దగ్గర అరువు తెచ్చుకున్న నడుం.
తోక మొగలిరేకు.
నీట్లోకి దిగేముందు
ముక్కుకీ చెవులకీ తలుపులేసుకుంటాయి.
పైకొచ్చాక ఇసుకలో దొర్లుతాయి, తువ్వాలు లేదు కదా.

దొడ్డికి అందరిదీ ఒకటే రాయి.
ఎండాక చూస్తే పొలుసులు, పీత డెక్కలు,
అభ్రకంలా మెరుపు.
మా వీధికంటే వీళ్లకే కట్టుబాటెక్కువ.
("వీటికే" అని రాసి కొట్టేశాను.)

పుష్యం.
నేరేడు వేళ్ల కింది కన్నంలోంచి
తల్లి మూడు పిల్లల్ని మెడపట్టి తెచ్చింది.
నీళ్లంటే వాటికి భయం!
నీరుకుక్క పిల్లకి ఈత రాదని
నాకెవరూ చెప్పలేదు.
కీచుకీచుమంటూ తల్లి వీపెక్కాయి.
నడి ఏట్లో తల్లి కావాలనే మునిగిపోయింది.
తన్నుకున్నాయి, గుటకలేశాయి,
ఎప్పటికో నీరు వాటిని గుర్తుపట్టింది.

నన్నూ మా నాన్న ఇలాగే నాగావళిలోకి తోశాడు.
తోసి గట్టుమీద బీడీ ముట్టించుకున్నాడు.
ఇక్కడ తండ్రి కిందనించి ఎత్తుతున్నాడు.

మాఘంలో కొత్త పొక్లెయిన్ దిగింది.
నేరేడు గట్టున ఎర్రజెండా పాతారు.
సూపర్‌వైజరు పుస్తకం తిరగేసి
వేలుపెట్టి చదివాడు:
"పిల్లలు మూడు. ఒకటి కుంటిది."
"ఇదేటయ్యా?"
"ఇతర వివరములండి."
నవ్వి, ఎడంపక్క సంతకం పెట్టాడు.

ఆ రాత్రి జెండా పీకి
వంద అడుగులు ఎగువకి పాతాను.
నేనేమీ పెద్ద మనిషిని కాను.
జీతం గుర్తొచ్చి చేతులు వణికాయి.
ఎగువ గట్టులో ఎవరెవరు కాపురముంటున్నారో,
ఏ ఉడుమో, ఏ తాబేలో,
టార్చి వేసి చూడలేదు.

వారం అక్కడే తవ్వారు.
తరవాత కొలత టేపు తెచ్చారు.

ఇవాళ ఎడంపక్క ముప్ఫయ్యొక్క లారీలు.
రాయిమీద పొలుసులు
చేత్తో ముట్టుకుంటే పొడి.

తెల్లారి దాలమ్మ వచ్చింది.
వల రెండు చేతులా ఎత్తి
వెలుతురుకి పట్టింది.
ఎక్కడా తెగలేదు.
నాలుగు రోజులై తెగలేదట.
తిట్టడానికి ఏమీ దొరక్క
అలాగే పట్టుకుని నిలబడింది.

కుడిపక్క రాశాను:
వల బాగుంది.