బోణీ

పదకొండేళ్లు ఈ ఊళ్లో నాది జరిమానాల చేయి.
బల్లారట్ నగరపాలక సంస్థ, పార్కింగ్ విభాగం.
నీలం చొక్కా, నడుముకి చీటీల మిషను.
వీధి మలుపులో నా టోపీ కనిపిస్తే
కొట్ల వాళ్లు చేతిలో పని వదిలేసి
కారు తాళాలు వెతుక్కునేవాళ్లు.

తర్వాత కార్లే లేకుండా పోయాయి.
తెల్లగీతల మధ్య గడ్డి మొలిచింది.
గడ్డికి చీటీ రాయలేం కదా.

చలి తగ్గుముఖం పట్టాక కొత్త పని ఇచ్చారు:
ఒక టేపు, సుద్దముక్క, ఫారాల కట్ట.
"కార్లు ఆపే చోట కుర్చీలు వేయించు" అన్నారు.

మొదటి గడి న్యుంగ్ బేకరీ ముందు.
ఆమె పిండి వ్యానుకి నేను చీటీ రాయని నెల లేదు.
ఇప్పుడు అక్కడే మోకాళ్ల మీద కూర్చుని కొలిచాను:
చక్రాల కుర్చీ దాటేంత దారి,
దీపస్తంభానికి గజం దూరం,
మిగిలిందానిలో నాలుగు బల్లలు.
న్యుంగ్ నన్నే చూస్తూ నిలబడింది,
ఏ క్షణాన మిషను తీస్తానోనని.

గాలికి గొడుగులు రెండుసార్లు ఎగిరిపోయాయి.
మూడోసారి ఇసుక మూటలు మేమే మోశాం.

ఆఫీసు మీటింగుల్లో టీ, బన్ను
ఇక మీదట ఈ వీధి నుంచే అన్నారు.
బిల్లు అరవై రోజులకి కాదు, ఆరు రోజులకే చెల్లింపు.
పేపర్లో రాసేంత విషయం కాదది.
కానీ న్యుంగ్ ఆ శుక్రవారం
పిండి వాడికి చెక్కు రాస్తూ చేయి వణకలేదని
నేను కళ్లారా చూశాను.

కుర్చీలు వేసినా లాభం లేని కొట్టు ఒకటుంది.
లెఫ్తెరిస్, చెప్పులు బాగుచేసే ముసలాయన.
ఇంట్లో కూర్చున్న ఊరికి మడమలు అరగవు.

పద్నాలుగు పేజీల ఫారం పట్టుకుని వెళ్లాను.
"నిరుటితో పోలిస్తే రాబడి ఎంత శాతం తగ్గింది?"
ఆయన ఒక నోటుబుక్కు ముందుకు తోశాడు.
ఎర్ర బూట్లు, జిప్పు. టీచరమ్మ, ఎడమ మడమ.
పెళ్లి జోడు, తొందర.
అంకెలు ఎక్కడా లేవు.
మార్చి తర్వాత పేజీలూ లేవు.

గోడ మీద, బూటు మేకుతో కొట్టి,
ఎండకి వెలిసిన కాగితం ఒకటి.
ఎనభై మూడు డాలర్లు. కింద నా సంతకం.
ఇద్దరం దాన్ని చూశాం.
ఇద్దరం ఏమీ అనలేదు.
స్టూలు లాక్కుని కూర్చుని
ఎర్ర బూట్ల నుంచి లెక్క మొదలుపెట్టాను.
చీకటి పడింది. ఆరో పేజీ దగ్గర ఆయన దీపం వేశాడు.

నాలుగు వేలు వచ్చాయి.
మూడు నెలల అద్దెకి చాలవు, రెండు నెలలకి కాస్త మిగులుతాయి.
పక్కన బెరిల్ బట్టల కొట్టుకి అదీ అందలేదు,
అప్పటికే తాళం ఇచ్చేసి వెళ్లిపోయింది.
ఆ అద్దాల వెనక బడి పిల్లల బొమ్మలు పెట్టించాం.
బొమ్మలు బాగున్నాయి.
వాటి వెనక ఖాళీ ఖాళీగానే ఉంది.

బెజవాడ వన్‌టౌన్‌లో మా పెద్దమ్మది గాజుల కొట్టు.
తొలి బేరానికి చేయి చూసేది.
కొందరు వస్తుంటే వినపడనట్టు వెనక్కి తిరిగి
డబ్బాలు సర్దేది.
నా చేయి ఎలాంటిదో నాకు తెలుసు.
అందుకే లెఫ్తెరిస్ తలుపు తెరిచిన సోమవారం
గుమ్మం బయటే నిలబడ్డాను, ఇంకెవరైనా ముందు వెళ్తారేమోనని.
ఎనిమిదిన్నర. తొమ్మిది. ఎవరూ రాలేదు.

బూట్లు విప్పి ఇచ్చాను.
పదకొండేళ్లు ఈ వీధినే తొక్కిన అట్టలు.
వేలితో నొక్కి చూసి ఆయన పెదవి విరిచాడు:
"బాగా తిరిగావమ్మా."

సాయంత్రం నా కారు దగ్గరికి వెళ్తే
వైపరు కింద మడిచిన కాగితం.
గుండె ఝల్లుమంది,
ఇన్నాళ్లూ ఊరందరికీ అయినట్టే.
విప్పితే వంకర అక్షరాలతో బిల్లు:
రెండు మడమలు, కొత్త అట్టలు.
ఎనభై మూడు డాలర్లు.

పైసా తగ్గించలేదు మహానుభావుడు.
వెళ్లి కట్టేశాను.
నోట్లు కళ్లకద్దుకోలేదు గానీ
రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.