కంకర మలుపు

పొద్దున ఆరుకే లారీలన్నీ ఆపేశారు.
చీమకుర్తి క్వారీ దారిలో
ఏడాదికి ఒక్కపూటే ఇంత నిశ్శబ్దం.
దుమ్ముకి కూడా ఏం చెయ్యాలో తెలీక
బండల మీద అట్టే కూచుంది.

మేం ఎప్పుడూ కంకర మలుపులోనే నిలబడతాం.
"ఒంగోల్లో బయల్దేరేటప్పుడు అందరూ మొనగాళ్ళే.
పొదిలి నుంచి తిరిగొచ్చేటప్పుడు
తారు అయిపోయి రాయి మొదలయ్యే ఈ ఫర్లాంగులో
ఎవడేందో తేలుద్ది" అంటాడు కాలేషా మామ.
ఇది యాభై ఆరో పందెం.
ఆయన చూడనివి రెండే:
తుఫాను వచ్చిన ఏడు, తాను తొక్కిన ఏడు.

మూడు గంటలు.
మరమరాలు, ఉల్లిపాయ, గొడుగు నీడ కోసం తగాదా.
"పొదిలి దాటారంట" అని ఫోన్లో ఒకరు,
"ఆళ్ళింకా పొదిలే పోలేదు" అని ఇంకొకరు.
లారీ టాపు మీద బీహారు కుర్రాళ్ళు
ఎవరి కోసమో తెలీకుండానే
ఈలలు సరిచూసుకుంటున్నారు.

ఒక పోలీసు బైకు.
దుమ్ము.
దుమ్ములోంచి మోకాళ్ళు.

ఇరవయ్యా, ముప్ఫయ్యా,
గొలుసుల గరగర, ఎవడిదో దగ్గు,
చెమటా కొబ్బరినూనే కలిసిన గాలి,
చక్రాల కింద పళ్ళు నూరుతున్న రాళ్ళు.
ముందున్నవాడి ముఖం చూశాననుకున్నా.
చూసింది పసుపు చొక్కా మీద గ్రీజు మరక.
ఊపిరి పీల్చి "రా నాయనా!" అనేలోపు
నా కేక ఖాళీ రోడ్డు మీద పడింది.

"పదిహేడు లెక్కపెట్టా. ఇంతేనా అమ్మా?"
ఇంతే.

జనం చెప్పులు దులుపుకుని కదిలారు.
లారీలు గొంతు సవరించుకున్నాయి.
కాలేషా మామ మాత్రం కుర్చీ మడవలేదు.
"ఇంకొకడున్నాడు" అన్నాడు.

నలభై నిమిషాలకి వచ్చాడు
మర్రిపూడి మాలకొండయ్య.
పాలక్యాన్ల కొక్కేలు ఇంకా క్యారియర్‌కే ఉన్నాయి,
వెనక టైరు చప్పిడి.
చెయ్యి వెయ్యగూడదు, రూలు.
మామ లుంగీ ఎగ్గట్టి
వాడికంటే నాలుగడుగులు ముందు నడుస్తూ
పెద్ద రాళ్ళని కాలితో పక్కకి నెడుతున్నాడు.
మొదటి లారీ డ్రైవరు
ఏమనుకున్నాడో ఇంజను ఆపేశాడు.

ఈసారి ముఖం చూశాను.
కనుబొమల మీద నల్లరాతి పొడి,
అందులో ఎండ చుక్కలు చుక్కలుగా.

నా కూతురు మళ్ళీ లెక్క మొదలెట్టింది.
రెండొందల పదకొండు దగ్గర
మర్చిపోయింది.