రోలు మినహా

పద్దెనిమిదేండ్లు బస్సుల నిలబడ్డదాన్ని.
దొంగనోటయితే మడత విప్పకముందే
వేలికి తెలుస్తది.
ఇంటి కాయితం అట్ల కాదు.

ఊశన్న అమ్మజూపిన ఇల్లు
వనపర్తిల పాత బజారు వెనక సందు.
రెండర్రలు, రేకుల వంటిల్లు, పెరట్ల జామచెట్టు,
చెట్టు కింద సగం భూమిల దిగిన రోలు.
బయానా యాభై వేలన్నడు.
శుక్రవారం మంచిది, రిజిస్ట్రీ అయిపోవాలన్నడు.

డిపోల ప్రతి మనిషి దగ్గరా ఒక వకీలున్నడు.
కంట్రోలర్ సారు బామ్మర్దికి
రిజిస్ట్రారాఫీసు గోడకానిచ్చిన ప్లాస్టిక్ కుర్చీ,
ఒళ్లో అట్ట, పక్కన పాన్ డబ్బా.
"ఇరువై నిమిషాల పనక్కా,
ఆధారు, ఫోటో, వేలిముద్ర, చాయ్."
సాక్షులు గూడ ఆయన దగ్గర్నే దొరుకుతరట,
తలకు రెండు వందలు.

పట్నమాయనది అద్దాల తలుపు.
కాయితాలు ఫోన్ల పంపమంటే పంపిన.
మూడోనాడు "అంతా క్లియర్" అని వచ్చింది,
కింద ఫీజు, బ్యాంకు నంబరు.
సందు పేరు తప్పు రాసిండు.

తాహెరా వకీలమ్మ సంగతి
పెబ్బేరు సంతకు నా బస్సుల పోయే
మిరపకాయల సవారమ్మ చెప్పింది:
"నిదానం మనిషి. తిడతది. పో."

కోర్టు వెనక, మిక్సీలు బాగుచేసే దుకాణం మీద గది.
కింద మోటారు గుర్రుమన్నప్పుడల్లా
బల్ల మీద కాయితాలు వణికినయి.
"బయానా ఇచ్చినవా?"
"ఇంకా లేదమ్మా."
"అయితే కూసో."

ముప్పయ్యేండ్ల ఈసీ తీయించింది.
పన్ను రశీదులు తెమ్మన్నది.
ఒక ఆదివారం మాపటికి గొడుగేసుకొని
సందుల నిలబడి, ఈ గోడ ఎవరిదని
పక్కింటోళ్లను అడిగింది.
లింకు కాయితాల అడుగున
అప్పడం లెక్క పెళుసుబారిన ఉర్దూ దస్తావేజు.
పట్నమాయన చదవరానిదని పక్కకు పెట్టినదే.
పాన్ డబ్బాయన పాతది, పనికిరాదన్నదే.
అర్జీలు రాసిన తండ్రి ఆమెకు ఆ అక్షరాలు నేర్పిండు.
కుడి నుంచి ఎడమకు వేలు జరిపింది,
ఒక్కచోట ఆపింది.

"తూర్పు అర్ర బిడ్డ బుగ్గమ్మకు.
ఈ బుగ్గమ్మ ఎవరు ఊశన్నా?"

"మా మేనత్త. గద్వాలల ఉంటది.
ముసల్ది. ఆమె అడగదు వకీలమ్మా."

"అడగని మనిషినే మనం అడగాలె."

ఊశన్న తలుపు దడాలున వేసి పోయిండు.
కొనెటోళ్లు క్యూల ఉన్నరన్నడు.
శుక్రవారం పోయింది, ఇంకో శుక్రవారం పోయింది.
మూడు వేల ఫీజిచ్చి ఇల్లు పోగొట్టుకున్ననని
డిపోల నవ్విండ్రు.
నేను గూడ లోపల లోపల ఆమెను తిట్టుకున్న.

ఒకనాడు గద్వాల ట్రిప్పుల
ముందు సీట్ల ఒక ముసలామె
ఆధారు కార్డు తలకిందులుగ చూపించింది.
సున్నా టికెట్టు కొట్టిచ్చిన.
దాన్ని నాలుగు మడతలేసి రైకల పెట్టుకుంది.
డ్యూటీ దిగి వకీలమ్మ దగ్గరికి పోతే
అదే ముసలామె, అదే సంచి,
పక్కన తల దించుకొని ఊశన్న.

"నా వాటా పైసలు నా బ్యాంకుల ఎయ్యుండ్రి.
రోలు మాత్రం అమ్మ."

"ఎత్తుకపోతవా?" అన్నడు ఊశన్న.
"ఏడికి? దిగిపోయింది గద."

వకీలమ్మ నవ్వంగ అప్పుడే చూసిన.
నవ్వి, కలం తీసి, హద్దులు రాసిన చోట
"పెరటిలోని రోలు మినహా" అని చేర్చింది.
రిజిస్ట్రారాఫీసుల గుమాస్తా ఇదేందమ్మా అంటే
రాసింది రాసినట్టే ఉండాలన్నది.

ఇప్పుడు మీటరు నా పేరు మీద, నల్లా నా పేరు మీద.
జామకాయలకు పిల్లలొస్తే
నా ఇల్లేనన్నట్టు అరుస్త.
పల్లి తొక్కు నూరేముందు మాత్రం
రోకలి చేతిల పట్టుకొని
ఒక్కసారి గద్వాల దిక్కు చూస్త.