పుస్తకంలో లేని మాట

తెర పక్కన, లైట్లు అందని మూల నాది.
ముక్కాలిపీట, టార్చిలైటు, చేతిరాత పుస్తకం.
మాట మరిచినవాడికి మాట అందిస్తాను.
నా గొంతు మొదటి వరస దాకా వినబడకూడదు.
పంతొమ్మిదేళ్ళుగా వినబడలేదు.

పగలు గుంటూరు మిర్చియార్డులో గుమాస్తాని.
కాటా దగ్గర కోటిలింగం, చిట్టా దగ్గర నేను.
ఇద్దరం ఒకే ఎర్రదుమ్ము దగ్గుతాం,
రిహార్సల్లో కూడా.

ఆ వారం యార్డులో ఒక గొడవ.
మాచవరం నుంచి నాగేంద్రమ్మ
పదకొండు బస్తాలు దింపింది.
తరుగు కాక తూకంలోనూ కోత అని
కొంగు నడుముకి చుట్టి కాటా ఎక్కి కూచుంది.
"ముందు నన్ను తూచండి.
మా ఊళ్ళో రేషన్ కాటా మీద నలభై ఆరు.
మీదెంతంటుందో చూద్దాం."
నలభై మూడంది.
యార్డంతా నవ్వింది.
నవ్విన మర్నాడే ముల్లు విరిగింది.

ఇంకేముంది.
ఆవిడ కళ్ళు మంచివి కావన్నారు.
పోయినేడు కాయకోతలప్పుడు మొగుణ్ణి మింగిందన్నారు.
కొట్టు ముందు నిమ్మకాయ కనబడిందన్నారు,
ఏప్రిల్ నెల, సోడాబండి పక్కన
నిమ్మకాయ కనబడక ఏం కనబడుతుంది?
సెక్రటరీగారు చదువుకున్న మనిషి,
చేతబడి అనలేదు. కాగితం రాయించారు:
"సదరు రైతు బస్తాలలో రాళ్ళు కలిపి తేగా
కళ్ళారా చూశాను."
కింద ఇద్దరు సాక్షులు.

ఒక సంతకం మధ్యాహ్నమే పడింది.
రెండోదానికి కోటిలింగం
"రాత్రి నాటకం ఉందండీ, పొద్దున చెప్తాను" అన్నాడు.

అరండల్‌పేటలో పరిషత్తు పోటీలు.
ముందు వరసలో సెక్రటరీగారు,
మెళ్ళో బంతిపూల దండ.
రంగం మీద మునసబు చావడి.
మంత్రసానిని స్తంభానికి కట్టి
పసిపిల్లల్ని చేతబడితో చంపావా అని విచారణ.
కోటిలింగం ఊరి కావలివాడు.
ఉన్నది ఒక్క ముక్క:
"చూశాను బాబయ్యా, అర్ధరాత్రి వల్లకాట్లో చూశాను."

మునసబు అడిగాడు.
వాడు నోరు తెరవలేదు.
"చూశాను బాబయ్యా," అందించాను.
మళ్ళీ అందించాను, కొంచెం గట్టిగా.
వాడు నావైపు తిరిగాడు.
మాట మరిచినవాడి చూపు నాకు తెలుసు,
గట్టునపడ్డ చేపలా ఉంటుంది.
ఇది అది కాదు.

"చూళ్ళేదు" అన్నాడు.

పేజీ తిప్పాను. వెనక్కి తిప్పాను.
మునసబు వేషగాడు జారుతున్న మీసం పట్టుకుని
తర్వాతి మాట కోసం నావంకే చూస్తున్నాడు.
నా దగ్గర లేదు.
"రాళ్ళు చూళ్ళేదండీ" అన్నాడు కోటిలింగం,
ఈసారి మునసబుతో కాదు.
రాళ్ళేమిటో జనానికి అర్థం కాలేదు.
ముందు వరసలో ఒకరికి అయింది.
తెర పక్కన ఒకడికి.

మంత్రసాని వేషం రత్నమాలది,
తెనాలి నుంచి రాత్రికి ఎనభై రూపాయలకి వచ్చింది.
కాసేపు చూసింది. తాడు తనే విప్పుకుంది.
చుట్ట చుట్టి మునసబు బల్ల మీద పెట్టి
లోపలికి నడిచింది.
పుస్తకంలో ఆవిడ చచ్చిపోవాలి.

బహుమతి రాలేదు.
ఒక సంతకం తక్కువై కాగితం నిలబడలేదు.
నాగేంద్రమ్మకి డబ్బు ముట్టింది,
తరుగు మాత్రం కోసుకున్నారు.
కాటా దగ్గర ఇప్పుడు వేరే మనిషి.
కోటిలింగం ఏటుకూరు రోడ్డులో
సైకిళ్ళకి పంక్చర్లు వేస్తున్నాడు,
దగ్గు తగ్గిందంటాడు.

మొదటి సంతకం ఎవరిదని
వాడెప్పుడూ అడగలేదు.
వారానికోసారి సైకిలు తోసుకుంటూ వెళ్ళి
ఎదురుగా నిలబడతాను.
చెప్పాల్సింది చిన్న మాటే.
అందించే మనిషి లేక
"వెనక చక్రం చూడు" అంటాను.