మూడు బెజ్జాలు

ఓబులేసు బోరు లారీ మీద పనిచేస్తాడు.
కళ్యాణదుర్గం చుట్టుపక్కల ఎవరి చేన్లో
ఎన్ని అడుగులకు ఉత్త దుమ్ము లేచిందో
వేళ్ల మీద చెబుతాడు.
మా రెండెకరాల్లో ఐదు బోర్లు. ఐదూ ఎండినవే.

అనంతపురంలో స్కానింగు కాగితం చూసి
షాహీన్ డాక్టరమ్మ అనింది:
గర్భసంచిలో గడ్డలు మూడు.
ఒకటి నిమ్మకాయంత, రెండు బుడ్డలంత.
బుడ్డలు నాకు తెలుసు. పదేండ్లు ఒలిచిన వేళ్లివి.
మన్ను కింద కాయడం వాటి గుణం,
పీకేదాకా ఎవురికీ కనపడవు.

"సంచి తీసేయించుకోమని ఊర్లో అందరూ అంటాండారు."
ఆయమ్మ తలెత్తింది. "నీకు బిడ్డలు కావాలనా?"
ఇన్నేండ్లలో ఆ మాట అడిగినోళ్లు లేరు.
ఎప్పుడని అడిగినారు, ఎందుకు లేరని అడిగినారు.
బల్ల మీది పెన్నునే చూస్తా
"కావాల" అన్నా.
నా గొంతు నాకే కొత్తగా ఉండె.

తొడ దగ్గర నరంలోంచి పోయి
గడ్డకు నెత్తురందకుండా ఆపే దారి ఒకటుందంట.
బిడ్డలు కావాలనుకునేవాళ్లకు అది మేలో కాదో
గట్టిగా చెప్పలేనని ఆయమ్మే చెప్పింది.
ఇంకోటి, పొట్టకు మూడు బెజ్జాలు. ఒకదాంట్లో కెమెరా.

ఓబులేసు కుర్చీ ముందుకు జరుపుకుని
"ఎంత లోతు మేడం?" అన్నాడు.
నర్సు నవ్వింది. నేనూ నవ్వినా,
నవ్వితే తడుస్తాదని
అలవాటుగా కాళ్లు బిగబట్టుకుని.

ఎవరిదో రక్తం రెండు బాటిళ్లు ఎక్కించి, కోసి,
ఫోనులో ఫోటో చూపించినారు.
గిన్నెలో తెల్లటి ముక్కలు.
ఓబులేసు చాలాసేపు చూసి
"పలుగురాయి" అన్నాడు.
"దీనికి బిట్టు అరిగిపోతాది.
కింద నీళ్లుంటే ఉంటాయి, లేకుంటే లేవు."

ఆరు నెలలు ఆగాల. లోపలి కుట్టు మానాల.
ఆపైన నిలిస్తే, బిడ్డను కోసే తీయాల్సొస్తాదేమో.
నిలవకుంటే?
ఆయమ్మ చేతులు కడుక్కుంటా "చూద్దాం" అనింది.
అబద్ధం చెప్పనందుకు ఆయమ్మంటే గౌరవం నాకు.

ఇది నాలుగో నెల.
బెజ్జాలు పెసరగింజంత మచ్చలైనాయి.
రాత్రిపూట ఓబులేసు వేలితో తడుముతాడు,
కేసింగు మూత బిగిసిందో లేదో చూసినట్టు.

బిడ్డ సంగతి నాకు తెలీదు.
నిన్న మిల్లుకు పోతా
నాలుగేండ్లు పెట్టెలో ఉన్న గంధం రంగు చీర కట్టుకున్నా.
బస్సులో సీటు దొరికితే కూర్చున్నా.
దిగేటప్పుడు
వెనక్కి తిరిగి సీటు చూడలేదు.