రాయి కోసేవాడి మాట

ట్రాన్‌హైమ్‌లో నవంబరు. మూడున్నరకే పొద్దు వాలింది.
నేలమాళిగలో వజ్రపు రంపం ముందు నేను.
ముప్పై ఏళ్ళుగా పని ఇదే:
కొండని వెంట్రుకలో సగానికి పల్చన చేసి
గాజుపలకకి అంటించడం.

బల్ల మీద ఇవాళ రెండు రాళ్ళు.
ఒకటి మా నూర్‌ఫియోర్డ్ గట్టుది,
చిన్నప్పుడు దీని మీదే చేపలు ఆరేశాం.
రెండోది గ్రీన్‌లాండ్ ఈశాన్యపు కొసది.
యాత్రలకి పడవ నడిపే పావియా
సీల్ తోలులో చుట్టి పంపాడు.

రెండింటిలోనూ పచ్చటి ఒంట్లో ఎర్రటి గార్నెట్లు,
చేప కడుపులో గుడ్లలా.
"ఒకే కొండ," అంది సున్నివా, సంచీ పూర్తిగా విప్పకముందే.
"పాత సముద్రాన్ని నలిపేసి
రెండు ఖండాలు గుద్దుకుంటే లేచింది.
ఈ సముద్రం తర్వాతొచ్చి మధ్యలో దూరింది.
తోబుట్టువులు. చూస్తూ ఉండు."

కోశాను. అరగదీశాను.
సూక్ష్మదర్శిని కింద ఒక్కో గార్నెట్‌లో
ఒక్కో క్వార్ట్జ్ గింజ,
చుట్టూ పగుళ్ళు, చంటాడు గీసిన సూర్యుడిలా.
వంద కిలోమీటర్ల లోతున బిగబట్టుకున్న గింజ
పైకొస్తూ ఒళ్ళు విరుచుకుంటే
పట్టుకున్న గార్నెట్టే పగిలింది.
ఇద్దరూ అంత లోతుకీ వెళ్ళొచ్చారన్నమాట.

జిర్కాన్ల లెక్క వారానికి తేలింది.
మా రాయి మునిగింది నలభై కోట్ల ఏళ్ళ కింద.
పావియా రాయి, ముప్పై ఆరు.
సున్నివా మూడుసార్లు చూసుకుంది.
గుద్దుకోవడం ఎప్పుడో అయిపోయి,
మా వైపు కొండ అరిగి
ఆ ఇసుక లోయల్లో పేరుకున్నాక
అప్పుడు దిగిందట అది, అడుక్కి.

"రాయి ఆ చోటిదేనా?" అని పావియాకి రాసింది.
అక్కడ తుఫాను. పదిరోజులకి జవాబు:

"చోటు అదే. గుర్తు పెట్టి మరీ తీశాను.
మా అన్న కయాక్ తిరగబడ్డ రోజు
అమ్మ ఒడ్డునే కూలబడి ఏడ్చింది.
నాన్న ఎప్పటిలాగే కుక్కలకి మాంసం వేశాడు.
నాలుగో చలికాలం, వల బాగుచేస్తూ,
సూది చేతిలో ఉండగానే ఏడ్చాడు.
ఇంకేమన్నా కావాలంటే అడుగు."

సున్నివా ఏమీ అడగలేదు.
పటం మీద 'తోబుట్టువులు' కొట్టేసింది.
కాసేపాగి, మళ్ళీ రాసింది,
కింద రెండు తేదీలు వేసి.

నేను రంపం కడిగాను.
కోతనీళ్ళ బకెట్ అడుగున బురద,
తడి బూడిద రంగు.
అందులో మా గట్టు ఏదో, వాళ్ళ కొస ఏదో
నాకే తెలియలేదు.
నెలాఖరున బండివాడొచ్చి పట్టుకుపోతాడు.