నాలుగు మిల్లీమీటర్ల అడుగు

ఒక్కటే ఫొటో ఉంది.
అందులో గుడిసె ముందువైపు, సగం పొగగొట్టం,
గేటు మీద చెయ్యేసి నిలబడ్డ ఒక మనిషి.
వెనక గోడ ఎలా ఉండేదో
పడగొట్టినవాళ్ళకి తెలిసుండాలి.

స్లీఫర్డ్‌లో గురువారం సాయంత్రాలు
చర్చి హాలు మేడమీద మా రైళ్ళు తిరుగుతాయి.
అడుగుకి నాలుగు మిల్లీమీటర్ల లోకం.
ఎనిమిదిమంది రిటైరైన మగవాళ్ళు, ఒక హీటరు,
కొప్పులో పెన్సిలు గుచ్చుకుని నేను.
"లెవెల్ క్రాసింగ్ గుడిసె నువ్వు కట్టు" అన్నారు,
మందుల షాపులో మాత్రలు లెక్కపెట్టే చేతులు కదా అని.

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు,
ఎంత ఇల్లో చెప్పలేదు.

కొలతకి ఏదో ఒకటి పట్టుకోవాలి.
ఫొటోలో మనిషిని పట్టుకున్నాను.
ఇంగ్లీషువాడు, పైగా టోపీ,
ఆరడుగులుంటాడులే అనుకున్నాను.
అతన్ని గోడకి ఆనించి లెక్కేస్తే
గోడ పదడుగులు.
నా బల్ల మీద నలభై మిల్లీమీటర్లు,
మధ్యవేలిలో సగం.

కాఫీ కలిపే పుల్లల్ని నిలువునా చీల్చి పలకలు చేశాను.
వాటికి వయసు రావాలని
మూడు రాత్రులు డికాక్షన్‌లో నానేశాను.
నాలుగో రోజు పొద్దున్న మా ఆయన
ఆ డికాక్షనే పాలల్లో కలుపుకుని
ఇవాళేంటో చిక్కగా కుదిరిందన్నాడు.
మాత్రల అట్టల వెనకాలి వెండి రేకు
దువ్వెన మీద పరిచి, ఖాళీ పెన్నుతో గీస్తే
ముడతల ఇనప కప్పు.
ఎవరెవరి బీపీలో దించి వచ్చిన రేకు.
వాన పడితే చప్పుడు చెయ్యదు, అదొక్కటే లోటు.
పొగగొట్టం కంటిచుక్కల సీసా మూతి.
వెనక గోడకి ఏమీ తోచక
ఒక కిటికీ పెట్టాను.
రైలుకీ రైలుకీ మధ్య మనిషి
ఎటో ఒకవైపు చూడాలి కదా.

ఆ తర్వాత మేవిస్ గారు వచ్చారు.
ఎనభై దాటిన మనిషి,
ఒకప్పుడు ఆ గుడిసెకి నాన్న టీ మోసుకెళ్ళిన పిల్ల.
కర్ర గోడకి ఆనించి, వంగి,
కళ్ళని బల్ల ఎత్తుకి దించి చూశారు.
"ఇంతే. సరిగ్గా ఇంతే ఉండేది.
పైన గడియ నాకు అందేది కాదు."

వెనక కిటికీ సంగతి అడిగాను.
"కిటికీ ఎక్కడిది? అటంతా మా నాన్న చిక్కుడు పాదు."
పోతూ పోతూ, నవ్వుతూ,
"అయిదడుగుల రెండంగుళాలు ఆయన.
ఇంజను డ్రైవర్లు కూతేసి మరీ అరిచేవాళ్ళు,
లేచి నిలబడు సిరిల్! అని."

ఇంటికొచ్చి మళ్ళీ లెక్కేశాను.
ఒక మనిషిని పదంగుళాలు పొడుగనుకున్నందుకు
ఇల్లంతా తప్పు.
గోడలో అయిదున్నర మిల్లీమీటర్లు ఎక్కువ,
సోనామసూరి గింజంత.
ఆ గింజ తలుపులో కొంచెం ఉంది,
కప్పు వాలులో కొంచెం ఉంది,
ఏరి పారేద్దామంటే దొరకదు.

రెండోది కట్టాను. లెక్కకి నిలిచేది.
కిటికీ లేదు, చిక్కుడు తీగ ఉంది.
పచ్చ దారం, ఎర్ర పూలకి సూది మొనతో చుక్కలు.

రెండూ పక్కపక్కన పెట్టాను.
మేవిస్ గారు చిన్నదాన్ని చూపుడువేలితో
మెల్లగా పక్కకి జరిపారు.
"ఇదెవరిది?"

మొన్న ప్రదర్శనలో
నైజెల్ థ్రేవ్స్ జేబులోంచి ఉక్కు స్కేలు తీశాడు.
"నీ గుడిసె పదిహేడంగుళాలు ఎత్తెక్కువ."
తెలుసన్నాను.
లెక్కకి నిలిచింది మా ఫ్రిజ్ మీద ఉంది.
చిక్కుడు తీగని దాని మీంచి విప్పి
పెద్దదాని కిటికీ మీదికి పాకించాను.

సిరిల్‌ని మాత్రం అతని ఎత్తులోనే చేశాను,
ఇరవై మిల్లీమీటర్లు, ఆపైన ఒక రవ్వ.
గేటు దగ్గర టోపీ పెట్టుకుని నిలబడ్డాడు.
పైన గడియ
ఇప్పుడు ఆయనకీ కొంచెం అందదు.